పదకొండు రుజువులు

ఏథెన్స్ నడిబొడ్డున బూబూలీనాస్ వీధిలో 1960ల చివర సెక్యూరిటీ పోలీసుల భవనం ఒకటి ఉండేది. రాజకీయ అనుమానితులను అక్కడే విచారించేవారు. మేడ మీద ఒక గది. అక్కడికి తీసుకెళ్ళిన మనిషిని బల్లకు కట్టేసి అరికాళ్ళ మీద కర్రతోనో గొట్టంతోనో కొట్టేవారు. గ్రీకులు దీన్ని ఫలాంగా అంటారు. ఒంటి మీద తగిలే దెబ్బల్లో అరికాలి దెబ్బ తీరే వేరు. కొన్నాళ్ళకు వాపు దిగిపోతుంది, చర్మం మీద ఆనవాలు దాదాపు మిగలదు, నడిచిన ప్రతిసారీ నొప్పి మాత్రం ఏళ్ళ తరబడి వదలదు. కొట్టేవాడు ఈ పద్ధతిని ఎంచుకునేది అందుకే. కేకలు వీధిలోకి వినిపించకుండా మోటారు ఆడించేవారని బయటపడ్డవాళ్ళు చెప్పారు. గ్రీసు సైనిక ప్రభుత్వం అదంతా కమ్యూనిస్టుల కట్టుకథ అంది. 1969 మార్చిలో యూరోపియన్ మానవ హక్కుల కమిషన్ పంపిన ఉపసంఘం ఏథెన్స్ వచ్చి, ఆ భవనంలోకి వెళ్ళి, సాక్షులు చెప్పినది అక్కడ ఉన్నదానితో సరిపోతుందో లేదో స్వయంగా చూసింది. ఒక సార్వభౌమ ప్రభుత్వపు పోలీసు స్టేషన్లోకి పరాయి దేశాల న్యాయవేత్తలు అడుగుపెట్టి చిత్రహింస గదిని తనిఖీ చేయడం ఆనాటికి దాదాపు ఊహకు అందని సంగతి. అప్పటి కమిషన్ అధ్యక్షుడు డెన్మార్క్‌కు చెందిన మాక్స్ సోరెన్‌సెన్. ఆ విచారణలో రెండు వందలకు పైగా బాధితుల పేర్లు వచ్చాయి. వాటిలో సందేహానికి తావులేకుండా రుజువయ్యాయని కమిషన్ తేల్చినవి పదకొండు మాత్రమే. మానవ హక్కుల న్యాయానికి సోరెన్‌సెన్ జీవితం ఏమిచ్చిందో అర్థం కావాలంటే ఆ చిన్న సంఖ్య దగ్గరే మొదలుపెట్టాలి. హక్కుల గురించి గంభీరమైన మాటలు చెప్పినవాళ్ళు ఆ తరంలో ఎందరో ఉన్నారు. ఆ మాటలను సాక్ష్యంతో తూచే పద్ధతిని నిలబెట్టినవాళ్ళు తక్కువ, ఆ తక్కువమందిలో ఆయన ముందువరసలో ఉంటాడన్నది నా వాదన.

ఆయన 1913లో కోపెన్‌హేగన్‌లో పుట్టాడు. 1938లో విదేశాంగశాఖలో చేరాడు. రెండేళ్ళు అటూ ఇటూగా, 1940 ఏప్రిల్ 9న, డెన్మార్క్‌ను జర్మనీ ఆక్రమించింది. తన దేశం సంతకం చేసిన ఒప్పందాలు ఒక్క తెల్లవారుజామున చిత్తుకాగితాలైపోవడం చూసిన అధికారి, యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది, 1946లో, అంతర్జాతీయ న్యాయానికి ఆధారాలు ఏవి అన్న ప్రశ్న మీద ఫ్రెంచి భాషలో డాక్టరేట్ గ్రంథం ప్రచురించాడు. అది సూత్రచర్చ కాదు. హేగ్‌లోని పాత అంతర్జాతీయ న్యాయస్థానం ఇచ్చిన తీర్పులను ఒక్కొక్కటిగా విప్పి, ఫలానా నియమం ఉందని చెప్పడానికి న్యాయమూర్తులు నిజంగా దేని మీద ఆధారపడ్డారో వెతికిన పుస్తకం. 1947లో ఓర్హుస్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ అయ్యాడు, 1972 దాకా అక్కడే పాఠం చెప్పాడు. మధ్యలో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిషన్‌లో డెన్మార్క్ తరఫున కూర్చున్నాడు. వివక్ష నివారణ, మైనారిటీల రక్షణ కోసం అదే సమితి వేసిన ఉపసంఘంలో పనిచేశాడు. 1955లో స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ కమిషన్‌లో సభ్యుడయ్యాడు. దౌత్యం తెలిసిన అధికారి, పాఠం చెప్పే ఆచార్యుడు, తీర్పు చెప్పే పెద్దమనిషి ముగ్గురూ ఒకే మనిషిలో ఉండటం చిన్న దేశాల్లో అరుదేమీ కాదు. ఉన్న కొద్దిమందే అన్ని పనులకూ కావాలి. దాని ఇబ్బంది దానికి ఉంది, ఆ సంగతికి తర్వాత వస్తాను.

స్ట్రాస్‌బర్గ్ యంత్రాంగం అప్పట్లో ఎంత బలహీనమో చెప్పకుండా ముందుకు పోతే ఆయన పని విలువ తెలియదు. యూరోపియన్ మానవ హక్కుల ఒడంబడిక మీద 1950 నవంబర్ 4న రోమ్‌లో సంతకాలయ్యాయి, 1953 సెప్టెంబర్ 3న అది అమల్లోకి వచ్చింది. దాని కింద ఒక కమిషన్, ఒక కోర్టు. ఫిర్యాదు ముందు కమిషన్‌కు రావాలి. విచారించదగినదా అన్నది కమిషన్ తేల్చాలి, రాజీ కుదరకపోతే నివేదిక రాయాలి. ఆ నివేదిక విదేశాంగ మంత్రుల కమిటీకి పోతుంది, సంబంధిత దేశం కోర్టు అధికారాన్ని ఒప్పుకుని ఉంటే కోర్టుకూ పోవచ్చు. పౌరుడు స్వయంగా ఫిర్యాదు చేయాలన్నా ఆ దేశం విడిగా ఒప్పుకుని ఉండాలి. చాలా దేశాలు ఒప్పుకోలేదు. కోర్టు ఏర్పడటానికి ఎనిమిది దేశాల సమ్మతి కావాలి, అది కూడటానికే 1958 దాకా పట్టింది. కోర్టు 1961 జులైలో ఐర్లండు నిర్బంధితుడి కేసులో తీర్పు ఇచ్చాక, హక్కు ఉల్లంఘన జరిగిందా లేదా అని తేల్చే మరో తీర్పు 1968 జూన్ దాకా రాలేదు. ఏడేళ్ళ పాటు దాదాపు ఖాళీగా కూర్చున్న న్యాయస్థానం! భవనం ఉంది, గౌన్లు ఉన్నాయి, వాదులే దాదాపు లేరు. ఆ ఏళ్ళలో బరువంతా మోసింది కమిషనే.

కోర్టులో డెన్మార్క్ తొలి న్యాయమూర్తి సోరెన్‌సెన్ కాదు, ఆల్ఫ్ రోస్. 1959 నుంచి 1971 వరకు ఆయన ఆ పదవిలో ఉన్నాడు. ఇక్కడ కాస్త పక్కకు జరిగి ఆయన గురించి చెప్పాలి, ఎందుకంటే డెన్మార్క్ న్యాయవేత్తల ఆలోచన ఎటువంటి నేల మీద పెరిగిందో ఆయన రాతల్లోనే తేటగా కనిపిస్తుంది. ప్రకృతిసిద్ధమైన హక్కులనే మాటను రోస్ నమ్మలేదు. 1951లో ఆయన ఒక చిన్న వ్యాసం రాశాడు. అందులో ఒక కల్పిత ద్వీపం. అక్కడి తెగలో ఎవరైనా నాయకుడికని వండిన తిండి తింటే వాడు ‘టూ-టూ’ అవుతాడు, టూ-టూ అయినవాడికి శుద్ధి చేయాలి. మన పాఠకుడికి ఇది చెప్పగానే పట్టుబడుతుంది, మన ‘మైల’ సరిగ్గా ఇలాంటిదే. ఇంట్లో చావు జరిగింది, కాబట్టి మైల. మైల కాబట్టి గుడికి పోకూడదు. మధ్యలో ఉన్న ఆ మాటను తీసేసినా ముందరి ఘటన, తర్వాతి నిషేధం రెండూ అలాగే నిలుస్తాయి. న్యాయశాస్త్రంలో ‘హక్కు’ అన్న మాట చేసే పనీ ఇదేనని రోస్ వాదన. కొన్ని వాస్తవాలను కొన్ని పర్యవసానాలతో ముడివేసే మాట అది, దానికి విడిగా ఒక పదార్థమంటూ లేదు. ఇలా రాసిన మనిషి మానవ హక్కుల కోర్టులో ఏం చేస్తాడు? ఆక్రమణకాలంలో శత్రువులతో చేతులు కలిపిన ఒక బెల్జియం పత్రికా రచయిత కేసు 1962లో తేలింది. జీవితాంతం రచనలు ప్రచురించరాదని అతనికి శిక్ష. విచారణ సాగుతుండగా బెల్జియం చట్టం సవరించింది, ఫిర్యాదిదారు వెనక్కి తగ్గాడు, కోర్టు ఆరుగురి మాట మీద కేసును జాబితా నుంచి కొట్టేసింది. వద్దని విడిగా రాసిన ఏకైక న్యాయమూర్తి రోస్. హక్కు అన్న మాటకు మెరుగులు దిద్దనివాడే, ఆ మాట వెనక ఉన్న వాస్తవాన్ని తేల్చకుండా వదలడానికి ఒప్పుకోలేదు. సోరెన్‌సెన్ రోస్ శిష్యుడని నేననడం లేదు. ఆ తరం డేనిష్ న్యాయవేత్తలు పీల్చిన గాలి అదే అంటున్నాను. పెద్ద మాట వినపడగానే ‘దీని కింద ఏ వాస్తవం ఉంది?’ అని అడగడం వాళ్ళకు అలవాటు.

ఆ అలవాటుకు తొలి పరీక్ష సైప్రస్‌లో ఎదురైంది. అప్పటికి సైప్రస్ బ్రిటిష్ వలస. బ్రిటన్ అక్కడ ఎమర్జెన్సీ పెట్టి, కొరడా దెబ్బలు, సామూహిక జరిమానాలు, నిర్బంధాలు సాగించింది. 1956లో గ్రీసు బ్రిటన్ మీద కమిషన్‌కు ఫిర్యాదు చేసింది. ఒక రాజ్యం మరొక రాజ్యాన్ని మానవ హక్కుల ఒడంబడిక కింద నిలదీయడం అదే మొదలు. 1957లో 49 చిత్రహింస ఉదంతాలతో రెండో ఫిర్యాదు పెట్టింది. 1958 జనవరిలో కమిషన్ సభ్యులు సైప్రస్ వెళ్ళి విచారించారు. అయితే 1959లో జ్యూరిక్, లండన్ ఒప్పందాలతో ద్వీపానికి స్వాతంత్ర్యం ఖాయమయ్యాక రెండు ప్రభుత్వాలూ కేసులు ముగించమన్నాయి. అవి ముగిశాయి. కాగితాలు రహస్యపత్రాల బీరువాలోకి పోయి 1997 దాకా బయటికి రాలేదు. కేసులు ముగిసిన 1959 నాటికి సోరెన్‌సెన్ కమిషన్‌లో నాలుగేళ్ళ సభ్యుడు. క్షేత్రానికి వెళ్ళి చూడవచ్చన్న సంగతి, ఎంత చూసినా రాజకీయం తలుచుకుంటే అంతా పాతిపెట్టగలదన్న సంగతి రెండూ ఆ ఒక్క అనుభవంలో ఉన్నాయి. పదేళ్ళకు అదే గ్రీసు ముద్దాయి స్థానంలో నిలబడింది.

1967 ఏప్రిల్ 21 తెల్లవారుజామున పాపడోపులోస్ అనే సైనికాధికారి నాయకత్వంలో గ్రీకు సైన్యంలోని కర్నల్స్ ఏథెన్స్‌ను స్వాధీనం చేసుకున్నారు. మే 28న ఎన్నికలు జరగాల్సి ఉంది. వేలమందిని అరెస్టు చేసి దీవుల్లో పడేశారు. పార్టీలు రద్దయ్యాయి, పత్రికలకు సెన్సార్ వచ్చింది. ఒడంబడికలోని 15వ అధికరణం ప్రకారం జాతి మనుగడకే ముప్పు వచ్చినప్పుడు ప్రభుత్వం కొన్ని హక్కులను తాత్కాలికంగా పక్కన పెట్టవచ్చు. కమ్యూనిస్టు తిరుగుబాటు ముంచుకొస్తోందని చెప్పి గ్రీసు ఆ వెసులుబాటు వాడుకుంది. గ్రీకు పౌరుడికి సొంతంగా ఫిర్యాదు చేసే దారి లేదు, ఆ ప్రభుత్వం దాన్ని ఎన్నడూ ఒప్పుకోలేదు. ఇక మిగిలింది ఒక రాజ్యం మీద మరో రాజ్యం ఫిర్యాదు చేయడమే. 1967 సెప్టెంబర్‌లో డెన్మార్క్, నార్వే, స్వీడన్, వారం తిరిగేసరికి నెదర్లాండ్స్ ఆ పని చేశాయి. వాళ్ళ సొంత పౌరుడెవడూ బాధపడలేదు, ఏ ఓడరేవూ ఏ వ్యాపారమూ పోలేదు. పరాయి దేశపు పౌరుల కోసం నాలుగు దేశాలు కోర్టుకెక్కినట్టు అయింది. మొదటి ఫిర్యాదులో చిత్రహింస ఊసు లేదు. ఆ డిసెంబర్ చివర ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ పంపిన ఇద్దరు న్యాయవాదులు ఏథెన్స్‌లో బాధితులతో మాట్లాడి జనవరిలో నివేదిక బయటపెట్టాక, 1968 మార్చిలో స్కాండినేవియా దేశాలు దాన్ని జోడించాయి.

ఇక విచారణ. కమిషన్ ఎదురుగా రెండు వేర్వేరు ప్రశ్నలున్నాయి. ఒకటి, నిజంగా ఎమర్జెన్సీ ఉందా? రెండు, చిత్రహింస జరిగిందా? మొదటిదానికి వచ్చే మామూలు జవాబు మనకు బాగా తెలుసు: దేశభద్రత సంగతి ప్రభుత్వానికే బాగా తెలుస్తుంది, బయటివాళ్ళకేం తెలుసు? కమిషన్ ఆ జవాబుతో తృప్తిపడలేదు. ముప్పు అన్నది నిజంగా వచ్చిపడిందో వచ్చిపడబోతోందో అయి ఉండాలి, దాని తాకిడి మొత్తం జాతి మీద ఉండాలి, సమాజపు నిత్యజీవనం సాగకుండా పోయే స్థితి రావాలి, మామూలు చట్టాలతో దాన్ని అదుపు చేయలేకపోవాలి. ఈ నాలుగు కొలతలూ పెట్టి, రుజువు చేసే భారం ప్రభుత్వం మీదే మోపింది. సమ్మెలు, వీధి ఊరేగింపులు, ఆయుధాలు దొరికాయన్న కథనాలు, కమ్యూనిస్టు పార్టీ పత్రాలు అన్నీ ముందుంచుకుని చదివింది. గొడవలున్నాయి, పోలీసులు వాటిని అదుపు చేయగలుగుతూనే ఉన్నారు, సాయుధ తిరుగుబాటు ముంచుకొస్తోందన్న దానికి ఆధారం లేదని తేల్చింది. కమిషన్‌లో అందరూ ఈ నిర్ణయంతో ఏకీభవించలేదు, కొందరు సభ్యులు విడిగా తమ అభిప్రాయం రాశారు. ఆ విభేదం నివేదికలోనే అచ్చయింది. ఒక ప్రభుత్వం ‘మాకు ఎమర్జెన్సీ’ అన్నప్పుడు దాన్ని లెక్కల పుస్తకంలా తిరగేసి ‘లేదు’ అని చెప్పిన మొదటి అంతర్జాతీయ నిర్ణయం ఇది. 1975 జూన్‌లో మన దేశంలో ఎమర్జెన్సీ ప్రకటించినప్పుడు, ఈ నాలుగు కొలతల్లో ఒక్కటైనా అడిగే అధికారం ఉన్న బయటి సంస్థ ఏదీ మన పౌరుడికి అందుబాటులో లేదు.

రెండో ప్రశ్నకు జవాబు దొరకడం ఇంకా కష్టం. 1968 నవంబర్‌లో గ్రీసు ప్రభుత్వం తన వైపు సాక్ష్యం చెప్పించడానికి కొందరిని స్ట్రాస్‌బర్గ్ తీసుకొచ్చింది. వాళ్ళలో ఇద్దరు కాపలా కన్నుగప్పి నార్వే ప్రతినిధుల దగ్గర తలదాచుకున్నారు. తనను హింసించలేదని చెప్పడానికి తెచ్చిన మనిషే, హింసించారని చెప్పాడు. అయినా ఉపసంఘం ఆ ఒక్క నాటకీయ ఘట్టం మీద ఆధారపడలేదు. సాక్షి గదిని ఎలా వర్ణించాడు, బల్ల ఎక్కడుందన్నాడు, ఒకరినొకరు ఎరగని సాక్షులు అదే గుర్తులు చెప్పారా, వైద్యుడు పాదాలను ఎప్పుడు చూశాడు, ఏ తేదీన అరెస్టు, ఏ తేదీన విడుదల అంటూ మన సెషన్స్ కోర్టులో మంచి డిఫెన్స్ లాయరు చేసే పనంతా చేసింది. ఏథెన్స్‌లో అడ్డంకులు మొదలయ్యాయి. జైళ్ళలో ఉన్న కొందరు సాక్షులను కలవనివ్వలేదు, లేరోస్ ద్వీపంలోని నిర్బంధ శిబిరాలకు వెళ్ళనివ్వలేదు. చూడనివ్వని చోట ఏం జరిగిందో ఊహించి రాయవచ్చు, లోకం నమ్మేది కూడా. కమిషన్ అలా రాయలేదు. పూర్తిగా విచారించగలిగిన వాటినే తూచి, పదకొండు ఉదంతాలు రుజువయ్యాయంది. మిగిలినవి అబద్ధమనలేదు, ప్రభుత్వం అడ్డుకున్నందువల్ల విచారణ పూర్తి కాలేదని రాసింది. సహేతుకమైన సందేహానికి తావులేని రుజువు అన్న క్రిమినల్ కోర్టు కొలమానాన్ని ఒక రాజ్యం మీద ఫిర్యాదుకు వర్తింపజేయడం స్ట్రాస్‌బర్గ్‌లో అక్కడే స్థిరపడింది.

ఆ పదకొండు నుంచి కమిషన్ వేసిన తర్వాతి అడుగులోనే అసలు పనితనం ఉంది. గ్రీసు వాదన రెండంచెలది: చిత్రహింస జరగలేదు, ఒకవేళ ఎక్కడో ఒక కానిస్టేబుల్ చేయి చేసుకున్నా బాధితుడు ముందు మా దేశపు కోర్టుల్లో తేల్చుకోవాలి. అంతర్జాతీయ న్యాయంలో అది నిజంగానే నియమం, ఇంట్లోని న్యాయమార్గాలు అయిపోయాకే బయటికి రావాలి. దీనికి కమిషన్ చెప్పిన జవాబును తెలుగులో ఒక్క మాటలో పెట్టవచ్చు: ‘పరిపాటి’. ఒకే రకమైన చర్యలు మళ్ళీ మళ్ళీ జరుగుతున్నాయి, పైవాళ్ళకు తెలిసీ ఊరుకుంటున్నారు. ఈ రెండూ ఉన్నచోట అది ఒక పోలీసు తప్పు కాదు, పాలనలో భాగమైన పద్ధతి. హింసే పద్ధతి అయిన చోట ఆ ప్రభుత్వపు కోర్టుకే ముందు వెళ్ళమనడంలో అర్థం లేదు. 1967 ఏప్రిల్ తర్వాత ఏథెన్స్ సెక్యూరిటీ పోలీసుల దగ్గర రాజకీయ ఖైదీలను హింసించడం పరిపాటిగా సాగిందని కమిషన్ 1969 నవంబర్ 5న ఆమోదించిన నివేదికలో తేల్చింది. వెయ్యి పేజీలకు పైబడిన నివేదిక అది. పదకొండు గట్టి రుజువులుంటే పరిపాటి రుజువవుతుంది, రెండు వందల పేర్లను విచారణ లేకుండా ఏకరువు పెడితే వాటిలో ఒక్క అబద్ధం దొరికినా మొత్తం కూలిపోతుంది. కర్నల్స్ ఆ ఒక్క అబద్ధం కోసమే కాచుకుని ఉన్నారు. వాళ్ళకది దొరకలేదు.

దీని మీద వచ్చే మొదటి ఆక్షేపణ బలమైనదే. ఫిర్యాది డెన్మార్క్, విచారించిన కమిషన్ అధ్యక్షుడు డెన్మార్క్ విదేశాంగశాఖలో ఎదిగినవాడు. ఇది న్యాయమా? కమిషన్ సభ్యులు తమ దేశాల ప్రతినిధులు కారు, వ్యక్తులుగానే కూర్చుంటారు అన్నది నియమం. నియమం చెప్పేస్తే అనుమానం తీరదు, ఎందుకంటే సోరెన్‌సెన్ అదే ఏళ్ళలో హేగ్ అంతర్జాతీయ న్యాయస్థానంలో ఇంకొక పాత్రలో కూడా ఉన్నాడు. ఉత్తర సముద్రం అడుగుభాగాన్ని పంచుకునే వివాదంలో పశ్చిమ జర్మనీకి ఎదురుగా డెన్మార్క్, నెదర్లాండ్స్ కలిసి ఎంచుకున్న తాత్కాలిక న్యాయమూర్తి ఆయనే. 1969 ఫిబ్రవరి 20న తీర్పు వచ్చింది. పదకొండుమంది ఒకవైపు, ఆరుగురు ఇంకోవైపు. డెన్మార్క్ ఓడింది, సోరెన్‌సెన్ తన దేశం వైపే అసమ్మతి రాశాడు. 1958 నాటి జెనీవా ఒప్పందంలోని సమదూర రేఖ నియమం అప్పటికే సాధారణ న్యాయంగా మారిందని, అలా మారిందనడానికి మరీ కఠినమైన రుజువు అడగరాదని ఆయన వాదన. నెల తిరగగానే ఏథెన్స్‌లో విచారణ. కాబట్టి సొంత దేశపు ప్రయోజనానికి అందనంత ఎత్తులో ఆయన ఉండేవాడని నేను వాదించను. నేనంటున్నది వేరు. ఒక మనిషి నిష్పాక్షికతను అతని గుండె చీల్చి చూడలేం, చూడగలిగేది పద్ధతినే. సముద్రపు హద్దు కేసులో తేల్చాల్సింది ఒక నియమం, దాని మీద ఇద్దరు నిజాయతీపరులు వేర్వేరుగా ఆలోచించవచ్చు. గ్రీసు కేసులో తేల్చాల్సింది ఒక గదిలో ఒక రోజు జరిగిన ఘటన. అక్కడ కమిషన్ తన చేతులు తానే కట్టుకుంది: అతి కఠినమైన రుజువు, ఇరుపక్షాల సాక్షులు, గ్రీకు సభ్యుడు కూడా కూర్చున్న కమిషన్, విభేదించినవాళ్ళ మాటలతో సహా అచ్చు. పక్షపాతం ఉన్నవాడు ఎంచుకునే దారి ఇది కాదు. డెన్మార్క్‌ను మెప్పించడమే లక్ష్యమైతే పదకొండు దగ్గర ఆగాల్సిన పని లేదు.

రెండో ఆక్షేపణ ఇంకా సూటిది: దీనివల్ల ఒరిగిందేమిటి? 1969 డిసెంబర్ 12న పారిస్‌లో మంత్రుల కమిటీ కూడింది. బహిష్కరణ ఓటు ఖాయమని తెలిసి గ్రీసు విదేశాంగ మంత్రి పిపినెలిస్, తమ దేశం, ఒడంబడికను నడిపే కౌన్సిల్ ఆఫ్ యూరప్ నుంచి తప్పుకుంటోందని ప్రకటించి లేచి వెళ్ళిపోయాడు. ఒడంబడికకూ గ్రీసు నీళ్ళొదిలేసింది. ఖైదీలు విడుదల కాలేదు, ఆ మేడగది మూతపడలేదు. అమెరికా, నాటో గ్రీసును తమ కూటమిలోనే ఉంచుకున్నాయి. పైగా ఇదంతా యూరప్ తనకు తాను చెప్పుకున్న మంచి కథ అనీ, బ్రిటన్ సైప్రస్‌లో చేసినది బీరువాలో దాచి గ్రీసు చేసినది లోకానికి చాటారనీ అనవచ్చు. ఈ చివరి మాటను నేను కాదనను. సైప్రస్ బాధితులకు జరిగింది అన్యాయమే, గ్రీసు నివేదిక దాన్ని చెరపదు. కానీ సైప్రస్‌కు, ఏథెన్స్‌కు మధ్య మారింది ఏమిటో చూడాలి. మంత్రుల కమిటీ 1970 ఏప్రిల్ 15న గ్రీసు నివేదికను బహిరంగపరిచింది. ఈసారి ఫిర్యాదు చేసిన దేశాలు రాజీపడలేదు, ముద్దాయి లేచిపోయినా తీర్పు అచ్చయింది. 1974 జులైలో సైనిక పాలన కూలింది, అదే నవంబర్‌లో గ్రీసు కౌన్సిల్‌లోకి తిరిగి వచ్చింది. నివేదిక కర్నల్స్‌ను కూల్చలేదు, వాళ్ళ పాలన కూలడానికి సైప్రస్ మీద వాళ్ళు చేసిన దుస్సాహసమే ప్రధాన కారణం. నివేదిక చేసింది వేరే పని. 1975లో గ్రీకు కోర్టులు చిత్రహింసకులను విచారించేనాటికి, చిత్రహింస అసలు జరిగిందా అన్న వాదన లేవదీయడానికి ఎవరికీ సందు లేకుండా చేసి పెట్టింది.

అక్కడితో ఆగలేదు. చిత్రహింస అంటే ఒక ప్రయోజనం కోసం, సమాచారం రాబట్టడానికో నేరం ఒప్పించడానికో శిక్షించడానికో, చేసే తీవ్రమైన అమానుష చర్య అని కమిషన్ చెప్పిన నిర్వచనం ఛాయలు 1975లో ఐక్యరాజ్యసమితి చేసిన చిత్రహింస వ్యతిరేక ప్రకటనలో కనిపిస్తాయి. 1978లో ఉత్తర ఐర్లండు నిర్బంధితుల విషయంలో ఐర్లండు బ్రిటన్ మీద వేసిన కేసులో ‘పరిపాటి’ సూత్రాన్నే కోర్టు వాడింది. అంటే సైప్రస్‌లో తప్పించుకున్న బ్రిటన్ ఈసారి అదే కొలబద్ద కింద నిలబడాల్సి వచ్చింది. కోపెన్‌హేగన్‌లో 1974లో ఇంగె గెనెఫ్కె అనే వైద్యురాలు, ఆమె సహచరులు ఆమ్నెస్టీ తరఫున ఒక వైద్యబృందంగా ఏర్పడి గ్రీసు, చిలీ బాధితులను పరీక్షించారు. ఆనవాలు మిగల్చని దెబ్బకు ఆనవాలు ఎలా వెతకాలో వైద్యశాస్త్రం అక్కడ నేర్చుకోవడం మొదలుపెట్టింది. చిత్రహింస నిషేధ ఒడంబడిక 1984లో వచ్చింది. భారతదేశం దాని మీద 1997లో సంతకం చేసింది, ఇప్పటికీ ధ్రువీకరించలేదు. లాకప్‌లో అరికాళ్ళ మీద కొట్టడమంటే ఏమిటో ఏ తెలుగు పత్రికా పాఠకుడికీ విడమరచి చెప్పనక్కర్లేదు. మన దగ్గర ఒక్కో చావు మీద ఒక్కో విచారణ జరుగుతుంది. వాటన్నిటినీ పక్కపక్కన పెట్టి ఇది పరిపాటా కాదా అని అడిగే విచారణ అరుదు.

1973 జనవరిలో డెన్మార్క్ యూరోపియన్ కమ్యూనిటీలో చేరగానే సోరెన్‌సెన్ లక్సెంబర్గ్‌లోని యూరోపియన్ న్యాయస్థానానికి వెళ్ళాడు, 1979 దాకా ఉన్నాడు. వాణిజ్య ఒప్పందాల కోర్టు అది. 1974 మేలో నోల్డ్ అనే బొగ్గు వ్యాపార సంస్థ కేసులో, సభ్యదేశాలు సంతకం చేసిన మానవ హక్కుల ఒప్పందాలు కమ్యూనిటీ చట్టానికి కూడా దారి చూపుతాయని ఆ కోర్టు చెప్పింది. స్ట్రాస్‌బర్గ్‌లో పదిహేడేళ్ళు గడిపిన మనిషి ఆ కోర్టులో ఉండటానికీ ఈ తీర్పుకూ సంబంధం ఉందనిపించడం సహజం. కానీ లక్సెంబర్గ్ న్యాయమూర్తులు విడి అభిప్రాయాలు రాయరు, తీర్పు అందరి పేరా ఒక్కటే. ఆయన వాటా ఎంతో కాగితం మీద లేదు కాబట్టి ఆ ఘనతను ఆయన ఖాతాలో వేయను.

1980లో ఆయన స్ట్రాస్‌బర్గ్ కోర్టుకు న్యాయమూర్తిగా తిరిగి వచ్చాడు. అంతకుముందు ఆ స్థానంలో ఉన్నది హెల్గా పెడర్సెన్, ఆ కోర్టులో కూర్చున్న తొలి మహిళ. సోరెన్‌సెన్‌కు అక్కడ దొరికిన కాలం రెండేళ్ళ లోపే. ఆ కొద్దికాలంలో ఆయన మిగిల్చినవాటిలో ముఖ్యమైనది ఒక అసమ్మతి తీర్పు. బ్రిటిష్ రైల్‌లో 1975లో యూనియన్లతో ఒప్పందం కుదిరింది, సభ్యత్వం తీసుకోనివాడికి ఉద్యోగం లేదు. ముగ్గురు ఒప్పుకోలేదు, 1976లో ఉద్యోగాలు పోయాయి. సంఘంలో చేరే హక్కులో చేరకుండా ఉండే హక్కు కూడా ఉందా? 1981 ఆగస్టు 13న పద్దెనిమిదిమంది న్యాయమూర్తులు ఆ ముగ్గురి వైపు మొగ్గారు. సోరెన్‌సెన్ కాదన్నాడు, ఐస్లాండ్, స్వీడన్ న్యాయమూర్తులు ఆయనతో కలిశారు. ఆయన మళ్ళీ కాగితాల దగ్గరికే వెళ్ళాడు. ఒడంబడిక రాసినప్పటి చర్చల రికార్డు తీశాడు. చేరమని ఎవరినీ బలవంతపెట్టరాదన్న వాక్యం ముందుకు వచ్చినప్పుడు, కొన్ని దేశాల్లో ఇలాంటి యూనియన్ ఒప్పందాలున్నాయని తెలిసే దాన్ని వదిలేశారు. తెలిసి వదిలిన మాటను న్యాయమూర్తులు ఇప్పుడు లోపలికి తెచ్చి పెట్టలేరన్నది ఆయన వాదన. ఇక్కడ ఆయన వ్యక్తి వైపు లేడు. హక్కుల పరిధి పెంచడమే న్యాయమూర్తి గొప్పతనమనుకునేవాళ్ళకు ఇది నచ్చదు, నాకూ ఆ ఫలితం పూర్తిగా నచ్చదు. ఉద్యోగం పోగొట్టుకున్న ముగ్గురి కష్టం నిజమైనదే. అయినా ఏథెన్స్‌లో పదకొండు దగ్గర ఆగిన చెయ్యి, స్ట్రాస్‌బర్గ్‌లో రికార్డు దాటి పోనన్న చెయ్యి ఒకటే. ఒకటి మెచ్చుకుని రెండోది కొట్టేయడం నాకు సాధ్యం కాలేదు. తీర్పు వచ్చిన రెండు నెలలకు, 1981 అక్టోబర్ 11న, ఆయన చనిపోయాడు. ఆయన రాసిన ఆ అసమ్మతి కోర్టులో నిలవలేదు. పాతికేళ్ళ తర్వాత, 2006 జనవరి 11న, ఇలాంటి యూనియన్ ఒప్పందాల మీదే డెన్మార్క్ పౌరులిద్దరు వేసిన కేసులో కోర్టు డెన్మార్క్‌ను తప్పుపట్టింది, ఆ వసంతంలో డెన్మార్క్ తన చట్టాన్ని మార్చుకుంది.